ముందే చెప్పిన సాక్ష్యం

ఆ ఏడు కోత పండగకి మా నాన్న, ఇంకా రాని సీటుకి దేవుడికి కృతజ్ఞత చెల్లించేశాడు.

అది ఎనభై నాలుగు ఏప్రిల్ నెల. సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ కళ్ళంలో చూసినా మిరపకాయలే ఆరుతున్నాయి. మా పల్లె చర్చిలో కోత పండగంటే ఎవరికి దొరికింది వాళ్ళు తెచ్చి వేదిక ముందు పెట్టడం. సొంత చేను ఉన్నవాళ్ళు మాలో ఇద్దరో ముగ్గురో. మిగతా అందరివీ కూలికి వచ్చిన మిరపకాయలు, పెరటి గుమ్మడికాయలు, గుడ్లు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేసేవాళ్ళు. ప్రసంగం మధ్యలో కోళ్ళు అరిస్తే పాస్టరు ఇమ్మానియేలుగారు ఆగి, అవి ఊరుకున్నాక మళ్ళీ మొదలుపెట్టేవారు.

నాన్న పేరు ప్రేమదాసు. మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. ఆదివారం చర్చిలో హార్మోనియం కూడా ఆయనే. సాక్ష్యాలు చెప్పే వేళకి హార్మోనియం మూసి లేచాడు. చంకలో మా పెట్టకోడి. గుడ్లు పెట్టేదాన్ని ఇవ్వనంటే ఇవ్వనని అమ్మ పొద్దుటే గొడవపడి ఓడిపోయింది.

"ప్రభువు నా ఇంటిని జ్ఞాపకం చేసుకున్నాడు. మా అమ్మాయి దేవకుమారికి మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో సీటు ఇచ్చాడు. దేవునికి స్తోత్రం" అన్నాడు.

"స్తోత్రం" అన్నారు అందరూ. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. అన్నాక గాని ఆ దేవకుమారిని నేనేనని తట్టలేదు.

అప్పటికి నాకు ఇంటర్వ్యూ కార్డు కూడా రాలేదు. జరిగింది ఒక్కటే. ముందు వారం నాన్న ఆసుపత్రికి వెళ్ళి అక్కడి సూపరింటెండెంటు అమ్మగారిని కలిశాడు. ఆవిడ "మంచిది మాస్టారూ, అప్లికేషను పెట్టించండి, ప్రార్థన చేసుకోండి" అంది. వచ్చినవాళ్ళందరితోనూ ఆవిడ అదే అని ఉంటుంది. మా నాన్న దాన్ని సీటు కింద జమకట్టేశాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఇంకా ఇంటర్వ్యూనే కాలేదు కదా నాన్నా?"

"వచ్చాక స్తోత్రం ఎవడైనా చెబుతాడు. రాకముందు చెప్పడమే విశ్వాసం" అన్నాడు. అమ్మ ఖాళీ గంప వైపు చూసి, "విశ్వాసం బాగానే ఉంది, పెట్ట పోయింది" అంది.

నాన్న తొందరకి కారణం లేకపోలేదు. మా పల్లెలో బి.ఏ. చదివిన మగపిల్లలు అరుగుల మీద ట్రాన్సిస్టరు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. నర్సింగ్ చదివిన ఆడపిల్ల తల్లిదండ్రులకి పెంకుటిల్లు కట్టించేది. మిషన్ నర్సింగ్ స్కూల్లో మూడేళ్ళ చదువు. ఫీజు తక్కువ, తిండి వాళ్ళదే. అయిపోయాక రెండేళ్ళు వాళ్ళ ఆసుపత్రిలోనే చేయాలి. తర్వాత గవర్నమెంటుకి పోవచ్చు, గల్ఫుకీ పోవచ్చు. ఈ లెక్క మా పల్లెలో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. సీట్లు కొన్నే, వచ్చే పిల్లలు జిల్లా అంతటి నుంచీ, అన్నది మాత్రం ఎవరూ లెక్కలో వేసుకునేవాళ్ళు కాదు.

మరుసటి ఆదివారం స్త్రీల సమాజం కూడింది. మా సమాజంలో ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. నెలాఖరుకి ఆ పిడికెళ్ళన్నీ చర్చికి చేరతాయి. వాటిని అమ్మి చర్చి కప్పు బాగుచేయించడమో, రోగులకి సాయమో చేస్తారు. వండుకునేదాంట్లోంచి తీసిన పిడికెడు అది. తీసిన ప్రతి పూటా ఎవరికో ఒకరికి ఒక ముద్ద తగ్గుతుంది. ఇంట్లో గంజికి ఇబ్బందైనా ఆ కుండలో చెయ్యి పెట్టరు.

సమాజం పెద్ద ఎలీసమ్మ. మిరపకోతలకి ఆడవాళ్ళ ముఠాని తీసుకుపోయే మేస్త్రి కూడా ఆవిడే. గొంతు పెద్దది. చర్చిలో మాట్లాడినా చేలో మాట్లాడినట్టే ఉంటుంది.

"ఈ ఏడు పిడికెళ్ళ బియ్యం మాస్టారి పిల్లకి ఇద్దాం. బట్టలకీ పుస్తకాలకీ అయినా వత్తయి. రేపు మనకి రోగమొచ్చి ఆ పెద్దాసుపత్రికి పోతే, మన మొహం చూసి పలకరించే పిల్ల ఒకతి ఉంటది" అంది.

కాదన్నవాళ్ళు లేరు. నాన్న హార్మోనియం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడైనా లేచి, "ఆగండమ్మా, ఇంకా ఖాయం కాలేదు" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. నేనూ అనలేదు.

సెలవులు కాబట్టి అమ్మతో పాటు చెంచయ్యగారి కళ్ళానికి తాలుకాయలు ఏరడానికి వెళ్ళేదాన్ని. రంగు మారి తెల్లబడ్డ కాయలు వేరుచేసి పారేయడం పని. పొద్దెక్కేసరికి చేతులు మండేవి. ఆడవాళ్ళు నన్ను ఊరికే ఉండనిచ్చేవాళ్ళు కాదు.

"ఏమే నర్సమ్మా, ఆ చేతుల్తో కాయలు ముట్టుకోబాకే. రేపు మాకు సూదులు పొడవాల."

"ఏందే, మేమొత్తే ముందు పిలుత్తావా, లైన్లో నిలబెడతావా?"

"ముందే పిలుస్తా పెద్దమ్మా" అనేదాన్ని.

"చూశారా, ఇప్పుడే దొరసాని మాటలు!" అని నవ్వేవాళ్ళు. ఎలీసమ్మ నా ముందు నుంచి గోతం లాగేసుకుని "నువ్వు నీడన కూకో" అనేది. కూర్చునేదాన్ని. వాళ్ళ పనిలో నా వంతు వాళ్ళు చేస్తుంటే నీడన కూర్చోవడం ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను. లేచి వెళ్ళి కాయల ముందు కూర్చుంటే మళ్ళీ తరిమేవాళ్ళు.

జూన్‌లో ఇంటర్వ్యూకి పిలిచారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆసుపత్రి ఆవరణ నిండా అమ్మాయిలు. కొందరు అక్కడి స్టాఫు పిల్లలు, అన్నీ తెలిసినట్టు తిరుగుతున్నారు. లోపల నన్ను నాలుగు ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగారు. రెండు అర్థమయ్యాయి. ఒకదానికి జవాబు చెప్పాను. ఎవరూ కసురుకోలేదు, చాలా మర్యాదగా "వెళ్ళిరా అమ్మా" అన్నారు.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద పేర్లు పెట్టారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివాడు. తర్వాత కిందినుంచి పైకి చదివాడు. "టైపు కొట్టేవాళ్ళు ఒక్కోసారి వదిలేస్తుంటారు" అని ఆఫీసులోకి వెళ్ళాడు. తిరిగి వచ్చి నాకు గోలీసోడా కొనిపెట్టాడు. సత్తెనపల్లిలో బస్సు దిగాక అన్నాడు.

"ఎవరన్నా చేరకపోతే మనల్ని పిలుస్తారు. అప్పటిదాకా బయట అనకు."

ఎవరూ పిలవలేదు. పల్లె మాత్రం రోజూ పిలిచేది. ఒకళ్ళు భోజనానికి పిలిచి ప్రార్థన చేయించారు. ఒకళ్ళు దుప్పటి ఇచ్చారు. దాని మూల ఎర్రదారంతో నా పేరు కుట్టి ఉంది. పిడికెళ్ళ బియ్యం అమ్మిన డబ్బు గుడ్డసంచిలో మూటగట్టి ఎలీసమ్మే తెచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని తీసుకుంటూ ఏదో అనబోయింది. నాన్న దగ్గాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో నేను నీళ్ళకి కూడా జనం లేని వేళ చూసుకుని వెళ్ళేదాన్ని. ఎవరైనా ఎదురై "ఎప్పుడే ప్రయాణం?" అంటే, "త్వరలోనే" అనేదాన్ని. అన్న ప్రతిసారీ చెంపలు కాలిపోయేవి.

జులై వచ్చాక నాన్న ఒక కరపత్రం తెచ్చాడు. గుంటూరులో కొత్త నర్సింగ్ స్కూలు. ఏడాదిన్నర కోర్సు, చదువు కాగానే గల్ఫులో ఉద్యోగం అని ఉంది.

"ఎక్కడ చదివితే ఏంటి? తెల్లబట్టలు తెల్లబట్టలే. ఇక్కడినుంచి ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు.

"ఖర్చో?" అంది అమ్మ.

"ఎక్కువే. మిషన్‌లో మూడేళ్ళకయ్యేది ఇక్కడ చేరేటప్పుడే కట్టాలి. బర్రెని అమ్ముదాం. ఆ సంచిలోది ఉంది."

"అది మిషన్ స్కూలుకని ఇచ్చింది కదండీ."

"నర్సు చదువుకని ఇచ్చారు."

అయినా అమ్మ వదల్లేదు. "అంతా పోసి చదివించాక ఉద్యోగం రాకపోతేనో? ముందు అది అడిగి రండి" అంది. అమ్మకి చదువు లేదు. కానీ బర్రెని కొనేటప్పుడు ముందు పాలు పితికి చూసే మనిషి.

గుంటూరు వెళ్ళాం. మందుల షాపు మీద మేడ. కింద నర్సింగ్ హోము, పైన స్కూలు. గోడకి మనిషి ఎముకల బొమ్మ, నాలుగు బల్లలు. కరెస్పాండెంటుగారు లేచి నిలబడి నాన్నకి నమస్కారం పెట్టాడు. మా పల్లె మాస్టారికి అంత మర్యాద చేసినవాళ్ళు తక్కువ. నాన్న అక్కడే సగం పడిపోయాడు.

అయినా అడిగాడు పాపం. "నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళ గుర్తింపు ఉందా అండీ?"

"ప్రాసెస్‌లో ఉంది మాస్టారూ. మీ పాప కోర్సు అయ్యేలోపు వచ్చేస్తుంది. వచ్చేసినట్టే అనుకోండి" అన్నాడు ఆయన నవ్వుతూ.

నాన్న తలూపాడు. రాని సీటుకి సాక్ష్యం చెప్పిన మనిషి రాని గుర్తింపుని ఏ మొహంతో తప్పుపడతాడు?

తెల్లబట్టలు వేసుకున్న ఒకమ్మాయి టీ తెచ్చింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. పేరు ఖుర్షిదా. నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళితే, అక్కడ గ్లాసులు తోముతూ కనిపించింది. పక్కన రక్తం మరకల దుప్పట్లు నానబెట్టి ఉన్నాయి.

"నువ్విక్కడే చదివావా?" అని అడిగాను.

"మొదటి బ్యాచి."

"ఇప్పుడు ఉద్యోగమా?"

"ఉద్యోగమంటే... అన్నం పెడతారు. పని నేర్చుకుంటున్నట్టు లెక్క." ఒక గ్లాసు బోర్లించింది. "సర్టిఫికెట్టు ఇచ్చారు. ఇక్కడి గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించా. రిజిస్ట్రేషన్ నంబరేదమ్మా అన్నారు. అది లేదు."

"మరి ఇంటికెళ్ళిపోవచ్చుగా?"

ఆ మాటకి చెయ్యి ఆపింది. "మా బాబాయి ఉస్మాన్ దాచేపల్లిలో ఉంటాడు, సిమెంటు ఫ్యాక్టరీలో. నేను దుబాయ్ పోతున్నానని ఫ్యాక్టరీ అంతా చెప్పుకున్నాడు. సూట్‌కేసు కూడా కొన్నాడు. ఏ మొహం పెట్టుకుని పోను? వీసా వస్తోంది, వస్తోంది అంటున్నా. ఏడాదైంది."

నాకు చెయ్యి తుడుచుకోవడానికి తన కొంగు ఇచ్చింది.

"చేరతావా?" అంది. "చేరితే నా గదిలోనే ఉందువుగాని. ఒక్కదాన్నే ఉంటున్నా." అంటూంటే ఆ పిల్ల మొహంలో ఆశ కనిపించింది. ఆ ఆశ చూసి నాకు భయమేసింది.

బస్సులో నాన్నకి అంతా చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"ఆ పిల్లకి దారి తెలియలేదు. నీకు నేనున్నాను" అన్నాడు. "సోమవారం వచ్చి కట్టేద్దాం. ఆదివారం పాస్టరుగారు నీకు వీడ్కోలు ప్రార్థన పెడతానన్నారు."

"ఏ స్కూలుకని ప్రార్థన చేస్తారు నాన్నా?"

ఆయన మెడ కింద నరం ఒకటి కొట్టుకోవడం చూశాను. ఆయనకి నాకంటే ఎక్కువ సిగ్గుగా ఉందని అప్పుడు తెలిసింది. ఆ సిగ్గుని కప్పడానికి నన్ను ఆ మేడ మీద పెట్టబోతున్నాడు. నేనూ ఖుర్షిదా లాగే గ్లాసులు తోముతూ, పల్లెకి రాలేక, ఏడాది తర్వాత మరో పిల్లకి గదిలో చోటిస్తాను.

ఆదివారం చర్చి నిండింది. ఎలీసమ్మ ముఠా అంతా ఉతికిన చీరలు కట్టుకుని ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఇమ్మానియేలుగారు, "మన సంఘపు బిడ్డ దేవకుమారి రెండు మాటలు చెబుతుంది" అన్నారు. నాన్న హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టి, నేను చెప్పగానే కీర్తన ఎత్తుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

లేచాను. నేర్చుకున్న రెండు మాటలూ పోయాయి.

"మిషన్ ఆసుపత్రిలో నాకు సీటు రాలేదు" అన్నాను. "కోత పండగనాటికి ఇంటర్వ్యూ కూడా కాలేదు. మీ బియ్యం డబ్బు అట్లాగే ఉంది. తీసుకోండి."

ఇంతే. నిలబడ్డంతసేపు ఎలీసమ్మ కాళ్ళకున్న వెండి కడియాల వైపే చూశాను. వెనక ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని కీర్తన నంబరు చెప్పారు. హార్మోనియం పలకలేదు. నాన్న వేళ్ళు మెట్ల మీదే ఉన్నాయి, తిత్తి కదల్లేదు. పాస్టరుగారే అందుకున్నారు. మేమందరం శ్రుతి లేకుండా తలో గొంతుతో ఆ పాట చివరిదాకా పాడాం.

ఇంటికి వచ్చాక నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, అటు తిరిగే అన్నాడు.

"లేచేముందు నా వైపు ఒకసారి చూడాల్సింది."

తర్వాత నాతో మాట్లాడడం మానేశాడు.

మర్నాడు పనికి పోయేముందు ఎలీసమ్మ ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మ సంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"మా కళ్ళల్లో కారం కొట్టారు వదినా" అంది ఎలీసమ్మ. అరవలేదు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "మేమందరం స్తోత్రం అన్నాం గదా. దేనికన్నట్టు?"

అమ్మ పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. ఎలీసమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడేం చేత్తావు పిల్లా?"

"ఏ.ఎన్.ఎం. ట్రెయినింగుకి పోతాను పెద్దమ్మా. బసవమ్మగారిని అడిగాను. ఏడాదిన్నర. ఫీజు లేదు, వాళ్ళే స్టైపెండు ఇస్తారు. అయిపోగానే గవర్నమెంటు ఉద్యోగం."

బసవమ్మ మా వైపు ఊళ్ళు తిరిగే ఏ.ఎన్.ఎం. ఎండలో సంచి తగిలించుకుని ఇంటింటికీ వచ్చి సూదిమందులు వేసేది, కాన్పులు చూసేది. పిల్లలు చాలు, ఆపరేషన్ చేయించుకోండి, లూపు వేయించుకోండి అని చెప్పేది. ఆ మాటలు బయట అనేది కాబట్టి ఊళ్ళో ఆవిడకి లూపులమ్మ అని పేరు. ఆవిడ వస్తుంటే మగవాళ్ళు అరుగుల మీదినుంచి ఏదో ఒకటి అని నవ్వేవాళ్ళు. మా నాన్న నవ్వేవాడు కాదు గాని, ఆవిడ వస్తే లోపలికి వెళ్ళిపోయేవాడు.

వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె ఫక్కున నవ్వి నోరు మూసుకుంది.

"లూపులమ్మవా?" అంది ఎలీసమ్మ. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మేం పెద్దాసుపత్రికని ఇచ్చాం పిల్లా. దీనిక్కాదు." వంగి సంచి తీసుకుని, నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది.

అది న్యాయమే. ఆ డబ్బు ఇక నాకు అక్కర్లేదు కూడా. అయినా ఆ సంచి గడప దాటుతుంటే ఒళ్ళంతా ముడుచుకుపోయింది. దుప్పటి తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. వాళ్ళు తీసుకోలేదు. పేరు కుట్టేశాం కదా, ఇంకెవరికి పనికొస్తుంది అన్నారు.

ఆగస్టులో ట్రెయినింగుకి రమ్మని ఉత్తరం వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున అమ్మ నా ట్రంకుపెట్టె ఎత్తబోతే, నాన్న వచ్చి తీసుకుని సైకిలు వెనక కట్టాడు. నేను పక్కన నడిచాను. పల్లె దాటేదాకా ఆయన గాని నేను గాని తలెత్తలేదు.

బస్సాగే చోట బుడే అనే అతని టీకొట్టు. బుడే చర్చికి రాడు కాబట్టి మా గొడవ అతనికి తెలియదు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నాన్న పెట్టె లోపల పెట్టించి కిందికి దిగాడు.

"ఏం మాస్టారూ, అమ్మాయి మిషన్ ఆసుపత్రికేనా?" అన్నాడు బుడే కొట్లోంచి.

అవునంటే సరిపోయేది. ఒక్కమాట. అనెయ్యి నాన్నా అని లోపల ఎంత వేడుకున్నానో నాకే తెలుసు.

"కాదు బుడే" అన్నాడు నాన్న, బడిలో పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో. "అక్కడ రాలేదు. ఏ.ఎన్.ఎం. ట్రెయినింగుకి పోతోంది."

బెంచీ మీద ఎవరో "అంటే మన లూపులమ్మ..." అని ఆపేశారు. ఎవరో నవ్వారు. బస్సులో ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఓణీ మొహం మీదికి లాక్కున్నాను.

"నాన్నా, మెల్లగా చెప్పు" అన్నాను కిటికీలోంచి.

ఆ ఆదివారం తర్వాత ఆయన నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి. కళ్ళల్లో కోపం లేదు.

"నిజమేగా చెప్పింది" అన్నాడు.

చర్చిలో నేను లేచి నిలబడినప్పుడు ఆయనకి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. నిజం చెప్పినందుకు కాదు, అందరి ముందూ ఆయన్ని అలా ఒంటరిగా వదిలేసినందుకు ఏదో ఒక మాట అనాలి. డ్రైవరు టీ చల్లార్చుకుని నిదానంగా తాగుతున్నాడు. నాన్న కిటికీ కిందే నిలబడి ఉన్నాడు. ఆ మాట అనడానికి కావలసినంత సమయం ఉంది. నేను ఓణీలో మొహం దాచుకుని, బస్సు ఎప్పుడు కదులుతుందా అని కూర్చున్నాను.